గోదాంలో దొరికిన కుస్తీ ఆట

రాకాసిపేట, బోధన్
10 జూన్ 2025

గంగమణి వదినకు,

నీ మరదలు రోజా రాస్తున్నది. ఫోన్లున్న కాలంలో ఈ కాగితమేమిటని నవ్వకు. కమ్మర్‌పల్లి పెళ్ళిలో మీ బాపు, నా మేనమామ, నీ పక్కన కాకుండా నా పక్కన కూర్చుని బువ్వ తిన్నాడని అలిగి నా నంబరు బ్లాక్ చేశావు కదా, ఇంతవరకూ తీయలేదు. అన్నతో చెప్పి పంపుదామంటే మొదట్లోనే చేతులెత్తేశాడు. "మీ ఇద్దరి మాటలు మోసి మోసి నేను చెడ్డోన్నయితున్న. ఏమున్నా కాగితం మీద రాసియ్యిన్రి, టిఫిన్ సంచిల ఏస్కపోత" అన్నాడు. రోజూ నిజామాబాద్ నుంచి బోధన్ రైస్ మిల్లుకు బస్సులో వచ్చిపోయే నీ మొగుడు ఇప్పుడు మన పోస్ట్‌మన్ కూడా అయ్యాడు.

అసలు సంగతి చెబుతాను, కూర్చుని చదువు. పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయింది కదా, మా ఆయన రామ్‌దాస్ తన టెంట్ హౌస్ సామాను వానలో తడవకుండా ఒక గోదాం కిరాయికి తీసుకున్నాడు. బీడీల తునికాకు దాచే పాత గోదాం అది. అన్నదమ్ముల తగాదాలో ఇరవై ఏళ్ళుగా తాళం పడి ఉంది. నిన్న ఊడ్చడానికి నేనూ వెళ్ళాను. సజ్జ మీద, చీకిపోయిన ఆకు సంచుల వెనక, తాటిపత్రి పట్టా చుట్టిన మూట ఒకటి కనిపించింది. కిందకు దించి విప్పితే ఏమున్నాయనుకున్నావు? మామ టీవీ ఆటలు! చక్కెర ఫ్యాక్టరీ గల్లీలో అందరికీ తెలిసిన మామ వీడియో గేమ్ దుకాణం సామానంతా. డబ్బాలు, రిమోట్లు, బాతుల్ని కొట్టే ప్లాస్టిక్ తుపాకి, బిస్కెట్ల డబ్బా నిండా క్యాసెట్లు. కుస్తీ ఆట క్యాసెట్ మీద పేరు రాసిన పట్టీ ఇంకా అంటుకునే ఉంది వదినా!

రామ్‌దాస్ ఎక్కడి నుంచో డొక్కు టీవీ ఒకటి మోసుకొచ్చాడు. క్యాసెట్ నోటితో ఊది పెట్టాను. కాసేపు చారలు వచ్చి, తర్వాత పాట మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. వేళ్ళు ఏమీ మరిచిపోలేదు, మొదటి పట్టులోనే అవతలి వాణ్ణి ఎత్తి పడేశాను. మామ నన్ను బోధన్ ఛాంపియన్ అని ఊరికే అనలేదు కదా.

మామకు ఈ మాట చెప్పు. ఎంత సంతోషపడతాడో.

నీ మరదలు
రోజా


కోటగల్లి, నిజామాబాద్
11 జూన్ 2025

రోజాకు,

ఎలా ఉన్నావని అడగను. నీ ఉత్తరంలోనే తెలుస్తోంది, కాళ్ళు నేల మీద లేవని.

ఒక్క సంగతి అడుగుతాను, సూటిగా చెప్పు. దుకాణం మూసిన నాడు బాపు ఇంటికొచ్చి, "అన్ని నాందేడ్ సేటుకు అమ్మేసిన, ఇగ ఆ మాట ఎత్తకున్రి" అన్నాడు. దుకాణం పోయిందని మా అవ్వ, అదే మీ అత్త, ఎన్నాళ్ళు బాధపడిందో నాకు తెలుసు. ఇప్పుడవి అమ్మలేదు, దాచిపెట్టాడు అంటున్నావు. అవి ఉన్నది నీ గోదాంలో. బోధన్‌లో ఇన్ని గోదాములుండగా నీ మొగుడికి అదొక్కటే దొరికిందా? బాపు నీకు ముందే చెప్పి ఉంటాడు. మాకు తెలియకుండా నీకు ఇచ్చాడు. కాదంటే కాదను, నేను నమ్మను.

నీకు ఆ దుకాణం గుర్తుకొస్తే పాట వినిపిస్తుంది. నాకేం వినిపిస్తుందో తెలుసా? క్యారియర్ గిన్నెల చప్పుడు. బడి నుంచి రాగానే అవ్వ నా చేతికి బాపు బువ్వ ఇచ్చి పంపేది. చెరుకు బండ్ల వరుస దాటుకుంటూ, ఫ్యాక్టరీ కాటా దగ్గర తమ వంతు కోసం కూర్చున్న మోస్రా, వర్ని రైతుల్ని దాటుకుంటూ వచ్చేదాన్ని. ఆ రైతులే వంతు వచ్చేదాకా పొద్దుపోక బాపు దుకాణంలో ఆడేవాళ్ళు. వాళ్ళకు లోపల చోటుంది. నాకు లేదు. గడప దగ్గర నిలబడి "బాపూ" అంటే, "ఆడనే వెట్టు బిడ్డా, నువ్వు ఇంటికి పో" అనేవాడు, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. ఆయన పక్కన స్టూలు మీద నీ రెండు జడలు కనిపించేవి. నీ ముఖం కూడా కాదు, జడలు. వాటిని పట్టుకుని గుంజాలని ఎన్నిసార్లు అనిపించిందో.

అవును, నాకు కుళ్ళే. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సొంత కూతురు గడప బయట, చెల్లెలి కూతురు గడప లోపల. ఎవరికైనా కడుపు మండుతుంది.

బాపుకు నేను చెప్పను. నేను వచ్చి చూసేదాకా వాటిని ముట్టకు.

గంగమణి


బోధన్
13 జూన్

వదినా,

నువ్వు రాసింది చదివి కోపం రాలేదు, నవ్వొచ్చింది. కాగితంలో అంత తిట్టి, మర్నాడే మామను పంపించావు! నీది నోరే కానీ మనసు వెన్న.

నిన్న పొద్దున అన్నతో పాటు బస్సు దిగి, మిల్లు దగ్గర నుంచి ఆటోలో నేరుగా గోదాంకే వచ్చాడు మామ. ఉతికిన ధోవతి, నున్నగా గీసిన గడ్డం. లోపలికి వచ్చి డబ్బాలన్నీ ఒకసారి చేత్తో తడిమాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎవతివే నువ్వు? బోధన్ ఛాంపియన్‌వా? కూసో అయితె" అన్నాడు. వదినా, డెబ్బై దాటిన మనిషి, కింద చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కుస్తీ ఆట పెట్టాం. మూడు పట్లలో మూడూ నావే. "నీ ఏల్లల్ల ఏం బలముందే" అంటూ పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, నీళ్ళు తాగించాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర చేశాను. అడిగి మరీ ఇంకో రొట్టె వేయించుకున్నాడు. సాయంత్రం అన్న వచ్చి పోదామంటే, "నువ్వు పో, నేను నాల్గొద్దులు ఉండి వస్త" అన్నాడు. టీవీ ఆటలు చూడటానికి గల్లీ గల్లీ అంతా వస్తున్నారు. అప్పట్లో చెరుకు బండి వరుసలో నిలబెట్టి వచ్చి ఆడినవాళ్ళు ఇప్పుడు మనవళ్ళను వెంటేసుకుని వస్తున్నారు. మామ అందరితోనూ ఆడుతున్నాడు, అందరితోనూ ముచ్చట్లు.

నాకు ముందే చెప్పాడా అని అడిగావు. ఒట్టు, చెప్పలేదు. నేనే అడిగాను. "అప్పుడు పిల్లలు రాకడ తగ్గింది. కొన్నొద్దులు మూసి మల్ల తెరుద్దామనుకున్న. అమ్మబుద్ది కాలే. ఇంట్ల జెప్తె మీ అత్త అమ్మేదాక ఊకోదని అమ్మినన్న. గోదాం మున్షీ లింబయ్య నా దోస్తు, ఆని తాన పెట్టిన. ఆడు సచ్చిపోయిండు, గోదాంకు తాళం వడ్డది" అన్నాడు. అంతే సంగతి. రామ్‌దాస్ అదే గోదాం తీసుకోవడం మన అదృష్టం.

మామను పంపినందుకు నీ కాళ్ళు మొక్కుతాను.

సంతోషంగా ఉన్న
నీ రోజా


నిజామాబాద్
14 జూన్ 2025

రోజా,

నేను పంపలేదు. చెవులు రిక్కించి విను, నేను పంపలేదు!

నీ అన్న, నోటి మాటలు మొయ్యనన్న ఆ పెద్దమనిషి, నా ముందు నోరు మూసుకుని, బాపు చెవిలో మాత్రం ఊదాడు. బాపు నాతో "కటింగ్ షాపుకు పోయొస్త" అని చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటినా రాలేదు. చాటలో బీడీ ఆకు అట్లాగే వదిలేసి గల్లీ గల్లీ తిరిగాను. కటింగ్ షాపు అతను "పొద్దుగాల్నే పాయె" అన్నాడు. ఆసుపత్రికి కూడా వెళ్ళి చూశాను. సాయంత్రం మీ అన్న ఒక్కడే బస్సు దిగి, "మామ బోధన్‌ల ఉన్నడు, మంచిగున్నడు" అని పళ్ళికిలించాడు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ వంట లేదు.

ఇక నీ ఉత్తరం. రొట్టె అడిగి వేయించుకున్నాడా? నా ఇంట్లో ఆయన రెండు ముద్దలు కలిపి, "సాలు" అని లేస్తాడు. కారం ఎక్కువైందా అంటే మాట్లాడడు. పప్పు మార్చాను, బియ్యం మార్చాను. చివరికి నా చేతి వంటే నచ్చదేమో అనుకుని ఊరుకున్నాను. పొద్దంతా అరుగు మీద కూర్చుంటాడు. నేను పక్కనే బీడీలు చేస్తూ కూర్చుంటాను. ఇద్దరం ఉంటాం, మాట ఉండదు.

నువ్వు ఫోనులో స్టేటస్ పెట్టావట కదా, బాపు రిమోట్ పట్టుకుని నవ్వుతున్నట్టు. నీ నంబరు నా ఫోన్లో బ్లాక్‌లో ఉంది గనుక పక్కింటి ఈరవ్వ తెచ్చి చూపించింది. "మీ బాపుకు గిన్ని పండ్లున్నయా?" అని అడిగింది. నేనేమని చెప్పాలి? ఆయన నా కళ్ళ ముందు ఉన్నన్నాళ్ళూ ఆ నవ్వు నేను చూడలేదు. ఆ ఫోటో చూసి నా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. రోజా, నీ మీద అంత అసూయ పుట్టింది, అది నన్నే కాల్చేసింది.

నీకు ఆటలు కావాలా, ఉంచుకో. గోదాం నిండా పరుచుకో. నా బాపును నాకు పంపు. ఆయన నాకు తండ్రి. నీకు మామ మాత్రమే.

బీపీ గోళీలు పంపుతున్నాను. తెల్లవి పొద్దున, పచ్చవి తిన్న తర్వాత. మరిచిపోతాడు, దగ్గరుండి వేయించు. ఉన్ని టోపీ కూడా పెట్టాను, వాన పడితే ఆయనకు చెవి నొప్పి.

గంగమణి


బోధన్
17 జూన్

వదినకు,

గోళీలు అందాయి, వేస్తున్నాను.

నువ్వు పంపావనుకోవడం నా పొరపాటే. కానీ "మామ మాత్రమే" అన్న మాట గుచ్చుకుంది. నా తండ్రి నేను గౌనులేసుకునే వయసులోనే పోయాడని నీకు తెలుసు. మా అవ్వ బీడీలు చేసుకుంటూ నన్ను తన అన్న దుకాణంలో కూర్చోబెట్టేది. నాకు తండ్రి అంటే ఆ స్టూలు పక్కన కూర్చున్న మనిషే. నేను ఎవరి దగ్గరా గుంజుకోలేదు.

నీ మాటే నిజమేమోనని మామను అడిగేశాను. "గంగమణిని లోపలికి ఎందుకు రానియ్యకపోతుంటివి మామా?" అన్నాను. ఆయన క్యాసెట్ తుడుస్తూ, "దుకాణంల ఇంటి పిల్లకేం పని?" అన్నాడు. అంతే అన్నాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, మళ్ళీ దాచానంటావు.

నాలుగు రోజులన్నవాడు కదలడం లేదు. పొమ్మని నేనెట్లా అంటాను? నీ బాపు నీకు కావాలంటే వచ్చి తీసుకుపో. వచ్చిన దానివి ఒక ఆట కూడా ఆడు. గడప బయట నిలబడ్డానని ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నావు కదా, ఈ గోదాంకు గడపే లేదు. చూద్దాం, ఛాంపియన్ ముందు ఎంతసేపు నిలబడతావో.

రోజా


నిజామాబాద్
19 జూన్ 2025

రోజా,

ఇంటి పిల్లకేం పని అన్నాడా? అంటే ఊళ్ళో అందరికీ పని ఉంది, నాకొక్కదానికే లేదు. తెలిసింది. ఇన్నాళ్ళూ అనుమానంగా ఉండేది, ఇప్పుడది కూడా లేదు.

ఆదివారం వస్తున్నాను. ఆడటానికి కాదు. నా కోసం వంట చేయకు.

గంగమణి


నిజామాబాద్
23 జూన్ 2025

రోజా,

నువ్వు అడిగింది చూశావు కదా. నేను ఎంతసేపు నిలబడతానో గల్లీ అంతా చూసింది.

బస్సులో నిజామాబాద్ నుంచి వచ్చేటప్పుడు మాటలు కూడబలుక్కున్నాను. "బాపూ, ఇంటికి రా. నా వంటలో ఏం తక్కువైందో చెప్పు. నాతో ఎందుకు మాట్లాడవో చెప్పు" అని అడగాలనుకున్నాను. గోదాంలోకి రాగానే ఆయన నన్ను చూసి, పక్కకు జరిగి, "కూసో" అన్నాడు. రోజా, నా బతుకులో ఆయన నన్ను ఆ తెర ముందు కూర్చోమనడం అదే మొదలు. అనుకున్న మాటలన్నీ అక్కడే మరిచిపోయాను. రిమోట్ ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియదు నాకు.

తర్వాత జరిగింది నీ కళ్ళతో చూశావు. ఎత్తి పడేశాడు. లేచేలోపే మళ్ళీ పడేశాడు. ఏ బటన్ ఏమిటో చెప్పు బాపూ అంటే, "నువ్వే సూస్కో" అన్నాడు. నేను బటన్లు వెతుక్కుంటుంటే కూడా ఆగలేదు. ఒక్క పట్టు, ఒకే ఒక్క పట్టు నాకు వదిలితే ఆయన సొమ్మేం పోయేది? వచ్చిన ప్రతి వాడితో ఓడిపోతున్నాడు. మీ పక్కింటి నత్తి కాశయ్యతో ఓడిపోయాడు. నీతో ఓడిపోయి శభాష్ అంటాడు, భుజం తడతాడు. నన్ను మాత్రం అందరి ముందు మట్టి కరిపించాడు. పైగా, "లెవ్వు, మల్ల ఆడు, మల్ల ఆడు" అంటాడు! జనం నవ్వారు. నువ్వు నవ్వలేదు, అది చూశాను. నీ ముఖం తెల్లబోయింది. నా మీద జాలి పడ్డావు కదా? అదే నేను తట్టుకోలేకపోయాను. అందుకే చాయ్ తాగకుండా రిమోట్ కింద పెట్టి వచ్చేశాను.

బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎవరి మీద ప్రేమ ఉందో, ఎవరి మీద లేదో ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? ఆయన నీ దగ్గరే ఉండనీ. నాకు ఇక అడిగే ఓపిక లేదు. బట్టలు, మిగతా గోళీలు మీ అన్నతో పంపుతాను.

నువ్వే గెలిచావు. ఎప్పుడూ నువ్వే గెలుస్తావు.

గంగమణి


బోధన్
24 జూన్

వదినా,

బట్టలు పంపకు. ముందు ఇది పూర్తిగా చదువు, మధ్యలో చింపకు.

నేను నీ మీద జాలి పడలేదు. ఆ రోజు నా ముఖం తెల్లబోయింది వేరే దానికి. నేను మామ చేతుల వైపు చూస్తున్నాను. వదినా, ఆ చేతుల్ని నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చున్నదాన్ని, ఆయన అట్లా ఆడటం నాకు తెలియదు. వెనక్కి తిరిగి పట్టు వేయడం, గాలిలోనే మలుపు తిప్పడం, అవి ఆ ఆటలో ఉన్నాయనే నాకు తెలియదు. నా ముందు ఎన్నడూ వేయలేదు. నాతో ఆడేటప్పుడు ఆయన బొటనవేలు సగం మాత్రమే కదులుతుంది. ఇన్నేళ్ళూ అదే ఆయన ఆట అనుకున్నాను.

నువ్వు వెళ్ళిపోయాక జనాన్ని పంపించేసి అడిగాను. "మామా, నాతోని ఎందుకు ఓడిపోతుంటివి?"

ఆయన దాచుకోలేదు. "దుకాణం నడిపేటోడు గెలుస్తడా పిల్లా? గిరాకిని ఓడగొడితె మల్ల ఎందుకొస్తడు? కొంచెంల ఓడిపోవాలె. ఇంగొక్క ఆట అనిపియ్యాలె. గది దుకాణం నడిపే తరీఖ" అన్నాడు.

"మరి నేను గిరాకినా?"

"నువ్వు ఓడిపోతె ఏడుద్దువు. ఏడిస్తె ఇంటికి పోత అందువు. మీ అవ్వ బీడీలు ఇడిసి లెవ్వాలె. గందుకే గెలిపిస్తుంటి. జాతరల పోరగాండ్లకు కొబ్బరికాయ కుస్తీ పెడ్తరు సూడు, గట్ల."

మన జాతరల్లో పిల్లల కుస్తీకి కొబ్బరికాయ ఇస్తారు, చివర అసలు పైల్వాన్లకు వెండి కడెం పెడతారు కదా. నేను ఇన్నేళ్ళూ కొబ్బరికాయ చేతిలో పట్టుకుని కడెం అనుకున్నాను వదినా.

"మరి గంగమణితోని?" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "దాంతోని ఎందుకు ఓడిపోవాలె? అది గిరాకా? నా బిడ్డ. ఓడగొడితె మాత్రం యాడికి పోతది?" అన్నాడు.

"పోయింది కద మామా. చాయ్ గూడ తాగలే" అన్నాను.

అప్పుడు వాకిలి వైపు చూశాడు. నువ్వు లేచి వెళ్ళింది ఏదో పని మీద అనుకున్నాడట. తర్వాత "ఇంట్లోల్లతోని నాకు గమ్మతిగ మాట్లాడరాదు పిల్లా. వచ్చినోల్లతోని మాట్లాడి మాట్లాడి ఇంటికొస్తె నోరు లెవ్వకపోవు. ఇంట్ల గూడ ముచ్చటవెట్టాల్నని నాకు తెల్వలే" అన్నాడు. దుకాణంలో ఇంటి పిల్లకేం పని అన్నాడు చూడు, ఆ మాటా ఇందుకే. దుకాణంలో ఉన్నవాళ్ళందరి ముందూ ఆయన నవ్వాలి, ఓడాలి, పొగడాలి. నీ ముందు ఆ నాటకం ఆయనకు చేతకాదు. నా ఇంట్లో రొట్టె అడిగి వేయించుకున్నాడని నీకు మంట కదా? ఇప్పుడు నాకు అర్థమైంది. అదీ మర్యాదే. చుట్టం ఇంట్లో తిన్నట్టు తిన్నాడు.

ఆ రాత్రి నుంచి ఆయన రిమోట్ ముట్టలేదు. నేను ఆడదామంటే "నీతోని ఆడుడేంది" అన్నాడు. మొన్నటి దాకా ఆడిన మనిషి! చెప్పులు వాకిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. రేపు అన్నతో పాటు వస్తున్నాడు. ఒక డబ్బా, రెండు రిమోట్లు గుడ్డలో మూట కట్టుకున్నాడు. మిగతావన్నీ నాకు వదిలేశాడు, కుస్తీ క్యాసెట్ ఒక్కటి మాత్రం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అడిగినా ఇవ్వలేదు. టీవీ రామ్‌దాస్ ఆటోలో పంపిస్తాడు.

నీ కుళ్ళు నువ్వు నాలుగు ఉత్తరాల్లో చెప్పుకున్నావు. నాది ఇక్కడ రాస్తున్నాను. నాకు అసూయగా ఉంది వదినా. నిన్ను చూస్తే ఒళ్ళు మండుతోంది. అంతమంది ముందు ఆయన నిన్ను మట్టి కరిపించినప్పుడు, నీ స్థానంలో నేనుంటే అనుకున్నాను. నిన్న పొద్దున ఒక్కదాన్నే కూర్చుని ఆ ఆట పెట్టుకున్నాను. గెలిచాను. రిమోట్ విసిరికొట్టాను.

ఆయన వచ్చాక ఊరికే అలగకు, రిమోట్ తీసుకుని కూర్చో. మళ్ళీ పడేస్తాడు, పడు. బటన్లు నీకు నువ్వే చూసుకో, ఆయన చెప్పడు.

వచ్చే ఆదివారం నేనే మీ ఇంటికి వస్తాను. నా నంబరు తీసినా తీయకపోయినా సరే. నువ్వు ఆయన బిడ్డవు, నీ మాట వింటాడు. నా కోసం ఒక్క మాట చెప్పి పెట్టు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్ను ఓడించమను.

రోజా